మెయిన్ స్విచ్ ఓబులేసు

సాయంత్రం ఆరు కొట్టగానే ఓబులేసు గారు ఆఫీసు గదుల మెయిన్ స్విచ్‌ని తన చేత్తో కిందికి లాగేవారు. తాళం వేసి, దాన్ని మూడుసార్లు గుంజి చూసి, అప్పుడు బస్సెక్కేవారు. ఒకసారి నేను ఛార్జరు మర్చిపోయి గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి తిరిగాను. లాగిన మెయిన్ మళ్ళీ పైకి లేవలేదు. "రేపు తీసుకో తల్లీ, యాడికీ పోదులే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయనకు మెయిన్ స్విచ్ ఓబులేసు అని పేరు పెట్టింది నేనే. దాచుకోవడం దేనికి.

నా పేరు సుమలత. మాది అమలాపురం. మస్కట్లో దార్సైట్‌లో కాపురం, ఖురంలో ఉద్యోగం. మాది కాంక్రీటు పరీక్ష చేసే చిన్న ల్యాబు, అందులో నేను కౌంటరు మనిషిని. సైట్లో కాంక్రీటు పోసిన ప్రతిసారీ అదే కాంక్రీటుతో ఇనప అచ్చుల్లో జానెడు లోపు దిమ్మలు చేస్తారు. వాటిని క్యూబులంటారు. వాటిని నీళ్ళ తొట్టెలో నానబెట్టి, ఇరవై ఎనిమిదో రోజున మిషన్లో పెట్టి పగిలేదాకా నొక్కుతాం. ఎంత బరువుకు పగిలిందో ఆ అంకే రిపోర్టు. క్యూబు పిండైపోతుంది, మిగిలేది అంకె ఒక్కటే. ఎప్పుడైనా గోడ పగిలినా స్లాబు కారినా, కాంక్రీటు పోసిన ఫోర్‌మన్ తప్పు చేశాడో లేదో చెప్పగలిగేది ఆ అంకె మాత్రమే.

ఆ అంకెలన్నీ ఓబులేసు గారి చేతిలో ఉండేవి. ఆయనది కడప జిల్లా. క్యూబులు మోసే హెల్పరుగా వచ్చారు. చేతిరాత ముత్యాల్లా ఉందని ఎవరో రిజిస్టరు దగ్గర కూర్చోబెట్టారు. తర్వాత కంప్యూటరు వస్తే రెండు వేళ్ళతో కొట్టడం నేర్చుకున్నారు. నెలకొక సీడీ చేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో తారీకు రాసి, తన ఇనప టేబులు కింది సొరుగులో పెట్టేవారు. "కంప్యూటరు చెడినా ఇవి ఉంటాయమ్మా" అని నాకు చూపించి మురిసిపోయేవారు.

2007 జూన్‌లో గోను తుఫాను వచ్చింది. మామూలుగా ఎండి ఉండే ఖురం వాదీ, అంటే వాగు, పొంగి నీళ్ళు మా ల్యాబులో నడుం దాకా నిలిచాయి. ఆ వేళ లోపల ఉన్నది ఓబులేసు గారొక్కరే. పక్క దుకాణంలో నీళ్ళ మీద కరెంటు చిటపటమని నిప్పులు రాల్చడం ఆయన కళ్ళారా చూశారు. ఈదుకుంటూ పోయినట్టు పోయి మా మెయిన్ లాగారు. అప్పుడు పట్టుకున్న భయమే రోజూ సాయంత్రం ఆయన చేతిని ఆ స్విచ్ మీదికి తీసుకుపోయేది. వారం తర్వాత నీళ్ళు తీశాక కింది సొరుగు తెరిచారు. రిజిస్టర్లు, కంప్యూటరు అప్పటికే నీళ్ళపాలయ్యాయి, సీడీలు కూడా బురదలో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. కాపాడుకోవాల్సినవాటిని కాపాడే సీడీలు కూడా అదే గదిలో, అదే టేబుల్లో, అన్నిటికంటే కింద పెట్టిన మనిషి ఆయన. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. సెప్టెంబరులో గుబ్రాలో ఒక స్లాబు కారింది. ఫోర్‌మన్ భీమన్న కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ కలిపాడని కాంట్రాక్టరు అన్నాడు. భీమన్న జగిత్యాల వైపు మనిషి. సైటు బూట్లతోనే వచ్చి నా కౌంటరు ముందు నిలబడ్డాడు.

"సారూ, నా క్యూబుల కాయితం ఉన్నదా?" అని అడిగాడు.

"రికార్డు లేదు" అన్నారు ఓబులేసు గారు.

అది నిజమే. కానీ ఆ క్యూబులు పాసయ్యాయని, ఆ అంకె తనే కొట్టానని ఆయనకు బాగా గుర్తుంది. ఆ మాట అనలేదు. వరదలో పోయినవాటి గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడొద్దని మేనేజర్ నిసార్ అహ్మద్ గారు ముందే చెప్పి ఉన్నారు. భీమన్న "మంచిది సారూ" అని వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల్లో అతని వీసా రద్దు చేసి ఇంటికి పంపేశారు. పాసయ్యాయన్న సంగతి ఓబులేసు గారు ఆ వారంలోనే నాకు చెప్పారు. విని నేనూ నోరు మూసుకున్నాను. నన్ను నేను వదిలిపెట్టి ఆయనొక్కరినే అనను.

రెండేళ్ళు కావస్తుండగా, 2009 ఫిబ్రవరిలో, నిసార్ గారు ఓబులేసు గారిని పిలిచారు. గోను తర్వాత కాగితం ఫైళ్ళు ఎత్తేసి అంతా కంప్యూటర్లోనే పెట్టాం. దాని నకలు రోజూ ఇంటర్నెట్ మీద దూరంగా ఇంకొక చోటికి పంపి దాచే కంపెనీలు వచ్చాయని, ఒక దాన్ని నెల లోపల ఎంచమని చెప్పారు. ఓబులేసు గారు ఒక తెల్ల కాగితం తీసుకుని ప్రశ్నలు రాసుకున్నారు. పెళ్ళి సంబంధానికి కూడా అన్ని ప్రశ్నలు ఎవరూ అడగరు.

మొదటి కంపెనీ వాడు నకళ్ళు దాచే మిషన్ ఇక్కడే ఖురంలో, రెండు వీధుల అవతల ఉందన్నాడు. "గోను నీళ్ళకు రెండు వీధులు అడ్డమా నాయనా?" అని టీ ఇచ్చి పంపేశారు. రెండో వాడు టై కట్టుకుని వచ్చాడు. మిషన్లు యూరప్‌లో ఉన్నాయట. స్క్రీను మూల పచ్చ లైటు వెలుగుతుంటే అంతా క్షేమమేనట. మూడో వాడు వజీర్. బోధన్ వాడు. రువిలో చిన్న ఆఫీసు, మిషన్ సముద్రానికి దూరంగా కొండల వైపున్న నిజ్వాలో.

"నిజ్వాలో ఎంత ఎత్తున ఉండాది?" అన్నారు ఓబులేసు గారు.

"రెండో అంతస్తు భాయ్. ఎందుకు?"

"నీళ్ళు ఎక్కేదానికి ఎంతసేపు పడుతుందో చూస్తాండా."

వజీర్ నవ్వలేదు. ఆ కాగితంలోని ప్రశ్నలన్నిటికీ కూర్చుని జవాబు చెప్పాడు. చివరికి టై వాడిదీ వజీర్‌దీ రెండూ ఒకే కంప్యూటర్లో నెల రోజులు ఊరికే నడిపి చూద్దామని తేలింది.

అయిదో రోజున వజీర్ ఫోన్ చేశాడు. తీసింది నేను.

"మేడమ్, నాలుగు దినాల సంది మీ తానకెల్లి ఏం రాలే. జర చూడుండ్రి."

ఓబులేసు గారికి చెబితే కసురుకున్నారు. "వానిది పనిచెయ్యకుంటే మన మీద పడతాడేందిమ్మా? ఈ పచ్చ లైటు చూడు, ఎంత బుద్ధిగా ఎలుగుతాందో." మర్నాడు మళ్ళీ ఫోన్. ఆ మర్నాడు మళ్ళీ. "ఏం రాలే మేడమ్" అన్న ఒక్క మాటే. ఓబులేసు గారి దృష్టిలో వజీర్ పని అప్పటికే అయిపోయింది. నోరు మూసుకుని వెలిగే పచ్చ లైటే ఆయనకు నచ్చింది. నాకూ అదే నచ్చిందని చెప్పాలి, ఫోన్ ఎత్తే బాధ తప్పుతుంది కదా.

తొమ్మిదో రోజు ఆరుకు అయిదు నిమిషాలుందనగా వజీర్ కారేసుకుని వచ్చేశాడు. ఓబులేసు గారి చెయ్యి అప్పటికే మెయిన్ మీద ఉంది.

"భాయ్, చెయ్యి తియ్యకుండ్రి. అట్లనే ఉండుండ్రి" అన్నాడు వజీర్. "రోజూ గిట్లనే బంద్ చేస్తరా?"

"రెండేండ్లుగా ఒక్కరోజు తప్పలేదు."

"నా ప్రోగ్రాం పంపుడు మొదలువెట్టేదే ఏడింటికి భాయ్. డ్యూటీ టైంల మీ నెట్ స్లో కావొద్దని పెట్టిన. మీరేమో ఆరింటికే మిషన్‌ను సంపుతున్నరు."

టై వాడిది కూడా తెరిచి చూపించాడు. అదీ రాత్రిపూట పంపేదేనట, అక్కడా ఒక్క ఫైలు లేదు. పచ్చ లైటుకు అర్థం ప్రోగ్రాం తెరిచి ఉందని మాత్రమేనట, ఏదైనా చేరిందని కాదట. ఓబులేసు గారు ఆ లైటు వైపే చూస్తూ కుర్చీలో కూలబడ్డారు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది, నవ్వు కూడా వచ్చింది. నవ్వినందుకు తర్వాత చాలా బాధపడ్డాను.

"ఇయాల్టి సంది రాత్రి పగలు నడవనిస్తే నాలుగు దినాలల్ల మొత్తం పోతది" అన్నాడు వజీర్. "కొత్తయి ముందల పంపుదామా భాయ్? అదే మంచిది."

"లేదబ్బా. మొదట్నుంచి వరసగా పోవాల. రిజిస్టరు ఎవరన్నా నడిమధ్యలో మొదలుపెడతారా?"

వజీర్ ఒకసారి నావైపు చూసి, సరేనన్నాడు. ఆ సాయంత్రం ఓబులేసు గారు టై వాడి ప్రోగ్రాం తీసేయించి, మెయిన్ లాగకుండా తాళం వేశారు. బస్సెక్కి, తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచొచ్చి అరగంట సేపు బయట నిలబడి కిటికీలోంచి చూశారని వాచ్‌మన్ చెప్పాడు.

అది శనివారం. మంగళవారం పొద్దున తాళం తియ్యగానే కాలిన వాసన కొట్టింది. పైనున్న ఏసీ గొట్టం కారి, నీళ్ళు సరిగ్గా కంప్యూటరు మీద పడ్డాయి. నడుస్తున్న మిషన్ కాబట్టి లోపలంతా మాడిపోయింది. రువి నుంచి వచ్చిన రిపేరు మనిషి హార్డ్ డిస్కు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఖలాస్" అని టేబుల్ మీద పెట్టేశాడు.

"మెయిన్ తీసింటే నీళ్ళు పడినా కాలేది కాదు" అన్నారు ఓబులేసు గారు. ఒక్కసారే అన్నారు. అందులో తప్పేమీ లేదు.

పదకొండింటికి ఫ్యాక్స్ వచ్చింది. మబేలాలో కడుతున్న ఒక బిల్డింగు కాంట్రాక్టరు పంపాడు. రెండో అంతస్తు దూలం పగిలిందట. కాంక్రీటు పోయించిన ఫోర్‌మన్ ఇస్తారిదే తప్పని తేల్చారట. ల్యాబు రిపోర్టు తమకు చేరలేదట. మేం డిసెంబరులోనే పంపాం, కానీ దొరకకుండా పోయే కాగితం ఎప్పుడూ కూలివాడికి పనికొచ్చేదే. మా దగ్గర నకలుంటే రేపు ఒంటిగంట లోపల ఇవ్వాలి. లేకపోతే ఇస్తారి వీసా రద్దు, శుక్రవారం టికెట్టు.

మధ్యాహ్నం ఇస్తారి తనే వచ్చాడు. కోరుట్ల మనిషి. కనురెప్పల మీద కూడా సిమెంటే. భీమన్న నిలబడిన చోటే నిలబడ్డాడు.

"సారూ, నా క్యూబుల కాయితం ఉన్నదా?"

అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఓబులేసు గారు మాడిన కంప్యూటరు వైపు తిరిగారు. నిజ్వాలో ఉండొచ్చని, రేపు రమ్మని నేనే చెప్పి పంపాను. ఓబులేసు గారు ఆ తర్వాత మూడు గంటలు ఒక కాగితం మీద లెక్క వేస్తూ కూర్చున్నారు. ఎన్ని ఫైళ్ళు, రోజుకెన్ని పోతాయి, మూడు రాత్రుల్లో ఎక్కడిదాకా పోయుంటాయి. వేసి కొట్టేసి, మళ్ళీ వేశారు.

బుధవారం పదింటికి వజీర్ వచ్చి నా కంప్యూటర్లో కూర్చున్నాడు. నిజ్వా నుంచి మొదటి ఫైలు రప్పించాడు. 2007 జూలై, గోను తర్వాత మేం పగలగొట్టిన మొట్టమొదటి క్యూబు. అంకె, తారీకు, సంతకం, అన్నీ ఉన్నాయి. ఓబులేసు గారు తెర మీద వేలు పెట్టి తడిమి చూశారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కిందికి పో నాయనా. డిసెంబరు పద్నాలుగు" అన్నారు.

వజీర్ జాబితా కిందికి దించుతూ పోయాడు. 2008 జూన్. ఆగస్టు. సెప్టెంబరు. అక్టోబరు ఇరవై రెండు దగ్గర జాబితా ఆగిపోయింది. వజీర్ ఇంకా మౌసు తిప్పుతూనే ఉన్నాడు, కిందికి పోవడానికి ఏమీ లేకపోయినా.

"ఆడ్నే తెగింది భాయ్" అన్నాడు చివరికి. "డిసెంబర్‌ది రాలే. లేదు."

తొమ్మిది రోజులు మెయిన్ కట్టకుండా ఉంటే రెండు మాట్లు పోయేది. కొత్తవి ముందు పంపినా మొదటి రాత్రే పోయేది. ఈ రెండూ మా ముగ్గురికీ తెలుసు.

నిసార్ గారు తన గదిలోంచి వచ్చి సంగతి విన్నారు. చెడ్డవారు కాదు. యజమానికి సమాధానం చెప్పుకోవాల్సిన మనిషి.

"రికార్డు లేదని ఒక లైన్ రాసి పంపెయ్ ఓబులేసు భాయ్. ఖల్లీ వల్లీ, వదిలెయ్. అది కాంట్రాక్టర్ గొడవ" అన్నారు. వజీర్ వైపు చూసి, "లేకపోతే వీళ్ళ మీద రాయి. రాత్రంతా కరెంటు ఉంచమన్నది వీళ్ళే కదా, దాంతోనే మిషన్ కాలింది. ఝూట్ ఏం కాదు" అన్నారు.

నిజమే, అదీ అబద్ధం కాదు. వజీర్ తల వంచుకుని ల్యాప్‌టాప్ వైరు చుట్టుకుంటున్నాడు. ఓబులేసు గారు గోడ గడియారం చూశారు. పదకొండు ఇరవై.

"సుమలతమ్మా, ఒక లెటరు కొట్టు" అన్నారు.

ఆయన తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో కొట్టాను. డిసెంబరు పద్నాలుగున ఆ క్యూబులు పాసైనాయి, అంకె కొట్టింది నేనే. ఆ రికార్డు పోయింది నా చేతుల్లో. తొమ్మిది రోజులు మెయిన్ ఆపింది నేను, పాతవి ముందు పంపమన్నది నేను. ఫోర్‌మన్‌కు దీంతో సంబంధం లేదు. ఆ దూలం నుంచి కాంక్రీటు ముక్క తొలిపించి వేరే ల్యాబులో పరీక్ష చేయించండి, ఖర్చు మా ల్యాబుది. ఆ ఫలితం వచ్చేదాకా ఇస్తారిని పంపొద్దు.

"నీ నౌకరీ పోతది భాయ్" అన్నారు నిసార్ గారు మెల్లగా.

"పోనీ సార్. పోయినసారి నౌకరీ నాకు మిగిలింది. దాన్ని పెట్టుకోని ఏం సుఖపడినా."

సంతకం పెట్టి కాగితం నా ముందుంచారు. ల్యాబు ముద్ర నా సొరుగులో ఉంటుంది. ముద్ర లేని కాగితాన్ని ఒమన్‌లో ఎవరూ ముట్టుకోరు. నిసార్ గారు నావైపు చూశారు. దార్సైట్ ఫ్లాటు, పిల్లల స్కూలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నాకు భయం వేసింది, అబద్ధం చెప్పను. ముద్ర తీసి కొట్టాను. నిసార్ గారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఖురం నుంచి మబేలా దగ్గరేం కాదు, దారంతా సిగ్నళ్ళు. వజీర్ కారులో ఓబులేసు గారు బయల్దేరేటప్పటికి పన్నెండు దాటింది. నేను ఫోన్ ముందు కూర్చున్నాను. పన్నెండున్నర. ముప్పావు. ఒంటిగంట. ఒంటిగంటా పది. ఫోన్ మోగింది.

"తీస్కున్నరు మేడమ్" అన్నాడు వజీర్. "భాయ్‌ని మస్తు తిట్టిండ్రు. నిలబడి మొత్తం ఇన్నడు. టికెట్ ఆపిండ్రు."

పదకొండు రోజుల తర్వాత ముక్క ఫలితం వచ్చింది. కాంక్రీటు గట్టిదే. దూలం ఆరకముందే కింద ఆసరాగా పెట్టిన చెక్కలు తీయించారని, అందుకే పగిలిందని తేలింది. తీయించింది కాంట్రాక్టరే. ఇస్తారి ఉద్యోగం నిలిచింది. ఓబులేసు గారికి యజమాని నుంచి వార్నింగ్ లెటరు వచ్చింది. దాన్ని ఆయన చక్కగా మడిచి పై సొరుగులో పెట్టుకున్నారు.

"ఇంతకీ ఏ కంపెనీ?" అని అడిగారు నిసార్ గారు నెలాఖరున.

"వజీర్‌ది సార్."

"మిషన్ కాలింది, రికార్డు రాలేదు. అయినా వాళ్ళదేనా?"

"రాలేదు, రాలేదు అని దినామూ చెప్పినోడు వాడొక్కడే సార్. నేనే ఇనలేదు."

ఆ గురువారం ఇస్తారి వచ్చాడు, ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసుకుని. కోరుట్ల, జగిత్యాల పక్కపక్కనే కదా, ఓబులేసు గారే అడిగి తెప్పించుకున్నారు. కౌంటరు ఫోన్‌లోంచి ఇండియాకు కలిపాను. స్పీకరు పెట్టమన్నారు.

"భీమన్నా, నేను ల్యాబు ఓబులేసును. గుబ్రా స్లాబు నీ క్యూబులు పాసైనాయప్పా. నాకు అప్పుడే తెలుసు. చెప్పలేదు. నేను చేసింది తప్పు."

అవతల ఎక్కడో మేక అరిచింది.

"గది కాయితం మీద రాసిస్తరా సారూ?" అన్నాడు భీమన్న. "మా ఆడామె ఇప్పటికీ నేనే నీళ్ళు కలిపిన్ననుకుంటది."

ఓబులేసు గారు ఫోన్ పెట్టేసి ముఖం తుడుచుకున్నారు. కంప్యూటరు దగ్గరికి పోలేదు. తెల్ల కాగితం తీసుకుని, ఆ ముత్యాల రాతతో తెలుగులో రాశారు, ఆమె చదువుకోవాలి కదా. నేను ముద్ర కొట్టాను. అసలుది పోస్టులో పంపి, నకలు స్కాన్ చేసి రోజువారీ ఫైళ్ళలో పెట్టాం. సాయంత్రం ఆరింటికి ఆయన చెయ్యి మెయిన్ దాకా పోయి, వెనక్కి వచ్చింది.

శుక్రవారం అక్కడ వారపు సెలవు, వజీర్‌కూ సెలవే. శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "గురువారం నాటిది ఒక్క కొత్త ఫైలు వచ్చింది భాయ్. చేరింది."

"చేరిందంటే ఒప్పుకోను. తీసి చదువు" అన్నారు ఓబులేసు గారు.

బోధన్ బడిలో నేర్చిన తెలుగుతో వజీర్ ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాడు. "భీమన్న పోయించిన కాంక్రీటులో ఏ తప్పూ లేదు. తప్పు నాది."

ఓబులేసు గారు కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇంకొకసారి చదువు నాయనా" అన్నారు.